తోసిందెవరు?



పాశమైలారంలోనో బొల్లారంలోనో ఒక మందుల కంపెనీ అనుకోండి. అందులో సెంట్రిఫ్యూజ్ మీద పనిచేసే ఆపరేటర్ ఒకాయన. ఆయన కూతురు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. అపకేంద్ర బలం మిథ్యా బలమని ఆమెకు ఆ రోజు పాఠంలో చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాట తండ్రికి చెబితే ఆయన ఊరుకుంటాడా? "లేని బలమైతే మరి నా బుట్టలకెల్లి ఎంఎల్ ఎట్ల బయటికొస్తది బిడ్డా?" అంటాడు. రియాక్టర్ నుంచి దిగిన చిక్కటి సరుకును బుట్టలోకి వదిలి గిర్రున తిప్పితే ఎంఎల్, అంటే మదర్ లిక్కర్ అనే ద్రవమంతా చిమ్ముకుంటూ బయటికి పోతుంది, ఫిల్టర్ క్లాత్ మీద ముద్ద నిలుస్తుంది. ఆయన ప్రతి షిఫ్టులో కళ్లారా చూసే పని అది. పుస్తకం మాట నమ్మాలా, కళ్ల ముందు జరిగేది నమ్మాలా?

రెండూ నమ్మవచ్చు. తండ్రీ కూతుళ్లిద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ చెరొక చోట నిలబడి లెక్క రాస్తున్నారు. మనం నిలబడిన చోటును, మనతో పాటు ఉండే కొలబద్దను, గడియారాన్ని కలిపి భౌతికశాస్త్రంలో నిర్దేశ చట్రం అంటారు. అందులో జడత్వ చట్రాలు వేరు, అజడత్వ చట్రాలు వేరు. ఏది ఏ రకమో తేల్చడానికి పెద్ద ప్రయోగశాల ఏమీ అవసరం లేదు. జానెడు దారం, ఇనుప నట్టు, నీళ్ల సీసా, చేతిలోని ఫోను ఉంటే మన రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా బస్సులో కూర్చునే తేల్చవచ్చు. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేది ఆ ప్రయోగాల గురించే.

కంపెనీ బస్సో, ఆర్టీసీ బస్సో ఎక్కండి. రుద్రారం దాటి కంది వైపు వెళుతుంటే రోడ్డు తిన్నగా సాగే చోట్లుంటాయి. డ్రైవరు ఒకే వేగంతో పోతున్నప్పుడు కళ్లు మూసుకుని ఒక రూపాయి బిళ్ల నిట్టనిలువుగా పైకి ఎగరేయండి. బిళ్ల గాల్లో అర సెకను ఉందనుకుందాం. బస్సు వేగం గంటకు 54 కిలోమీటర్లైతే ఆ అర సెకనులో మీ అరచెయ్యి ఏడున్నర మీటర్లు ముందుకు పోయింది. అయినా బిళ్ల వచ్చి మీ చేతిలోనే పడుతుంది. ఎగిరేటప్పుడు దానికి బస్సు వేగం కూడా ఉంది, గాల్లో దాన్ని ఎవరూ తీసేసుకోలేదు. ఇంట్లో కూర్చుని ఎగరేసినా ఇలాగే పడుతుంది. కిటికీలు మూసి, కుదుపుల్లేని రోడ్డు మీద పోతుంటే లోపల చేసే ఏ ప్రయోగమూ బస్సు కదులుతోందో ఆగి ఉందో చెప్పలేదు. గెలీలియో 1632లో అచ్చయిన తన గ్రంథంలో ఈ సంగతే ఓడ లోపలి గదిని ఉదాహరణగా తీసుకుని వివరించాడు. గదిలో ఎగిరే సీతాకోకచిలుకలు, గిన్నెలో ఈదే చేపలు, పైన వేలాడదీసిన సీసా నుంచి పడే చుక్కలు అన్నీ, ఓడ ఆగి ఉన్నా నిలకడగా సాగుతున్నా, ఒక్కలాగే ప్రవర్తిస్తాయన్నాడు.

ఇప్పుడు దారం తీయండి. అర మీటరు దారానికి నట్టు కట్టి, పైన పట్టుకునే కడ్డీకి వేలాడదీయండి. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండులాంటిదే ఇది. నిలకడ వేగంలో ఉన్నంతసేపు దారం తిన్నగా కిందికే ఉంటుంది. ఒక చౌరస్తా వచ్చింది, డ్రైవరు బ్రేకు వేశాడు. నట్టు ముందుకు పోతుంది. బ్రేకు పట్టి ఉన్నంతసేపూ దారం అలా వాలే ఉంటుంది, బస్సు ఆగగానే వెనక్కి వచ్చి కాసేపు ఊగుతుంది. మళ్లీ బయలుదేరేటప్పుడు నట్టు వెనక్కి వాలుతుంది. ఈ వాలును కొలవవచ్చు కూడా. అర మీటరు దారానికి నట్టు 5 సెంటీమీటర్లు పక్కకు జరిగిందంటే బస్సు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు ఒక మీటరు చొప్పున మారుతోందని అర్థం. గంటకు 54 కిలోమీటర్ల నుంచి 10 సెకన్లలో ఆగే బస్సులో నట్టు ఏడున్నర సెంటీమీటర్లు ముందుకు జరగాలి. పిల్లలు స్కేలు పట్టుకుని కొలిస్తే చాలా దగ్గరగా వస్తుంది.

ఇక్కడ ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నట్టును ముందుకు తోసిందెవరు? మనకు తెలిసిన ప్రతి బలానికీ ఒక యజమాని ఉంటాడు. బరువుంటే భూమి లాగుతోంది, దారం బిగిసి ఉంటే దారం లాగుతోంది, కాగితం ఎగిరితే గాలి తోసింది. బ్రేకు వేసిన బస్సులో నట్టు వెనకాల ఎవరూ లేరు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లకు ఈ చిక్కు లేదు. వాళ్ల లెక్కలో నట్టు ఉన్న వేగంతో ముందుకు పోదామని చూస్తోంది, బస్సే వెనకబడుతోంది, దారం వాలి దాన్నీ తనతో పాటు ఆపుతోంది. బస్సులో కూర్చుని లెక్క రాసేవాళ్లకు మాత్రం యజమాని లేని బలం ఒకటి కలుపుకోకపోతే జమాఖర్చు కుదరదు. అలా కలుపుకోవాల్సి వచ్చిందంటే మీ చట్రం అజడత్వ చట్రం. కలుపుకోకుండానే లెక్క కుదిరితే అది జడత్వ చట్రం. మిథ్యా బలమంటే ఆ కలుపుకున్న బలమే.

దీన్ని ఇంకా గట్టిగా నిలబెట్టే చిన్న ప్రయోగం ఉంది, దాన్ని ఎవరూ వదలకూడదని నా కోరిక. నట్టు పక్కనే అదే పొడవు దారంతో ఒక చిన్న పెన్సిల్ రబ్బరు కూడా వేలాడదీయండి. నట్టు బరువు, రబ్బరు తేలిక. ఇంట్లో టేబుల్ ఫ్యాను గాలి తగిలితే రబ్బరే ఎక్కువ వాలుతుంది, నట్టు అంతగా కదలదు. కిటికీలు మూసిన బస్సులో బ్రేకు వేసినప్పుడు రెండూ సమానంగా వాలుతాయి. దారాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. బరువును బట్టి తానూ పెరిగి, అన్నిటినీ ఒకే కోణానికి వాల్చే బలం కనబడితే, తోసినవాడు ఎక్కడా లేకపోతే, మీ చట్రమే త్వరణంలో ఉందన్నమాట. ఇలా వస్తువు ద్రవ్యరాశిని బట్టి పనిచేసే బలం మనకు ఇంకొకటి కూడా తెలుసు. అది గురుత్వం. ఆ పోలిక దగ్గరికి కాసేపట్లో వస్తాను.

సగం నీళ్లున్న పారదర్శకమైన సీసాను కిటికీ పక్కన అడ్డంగా పెడితే దారం చెప్పిందే నీటిమట్టం చెబుతుంది. బయలుదేరేటప్పుడు నీళ్లు వెనక్కి ఎక్కుతాయి, బ్రేకుకు ముందుకు ఎక్కుతాయి. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు నుంచి దిగే వంపు దారిలో సీసాను బస్సుకు అడ్డంగా తిప్పి చూడండి, నీళ్లు వంపు బయటి వైపుకు ఎక్కుతాయి. స్పీడో మీటరు ముల్లు ఒకే అంకె మీద ఉన్నా సరే ఎక్కుతాయి. వేగం అంకె మారకపోయినా దిక్కు మారుతోంది, దిక్కు మారడమూ త్వరణమే. 60 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 40 కిలోమీటర్లతో తిరిగితే నీటిమట్టం దాదాపు 12 డిగ్రీలు వాలుతుంది. అదే మలుపులో 60తో తిరిగితే 25 డిగ్రీలు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, వాలు రెట్టింపు దాటింది. ఇవి చదునైన రోడ్డు లెక్కలు. ఇలాంటి మలుపుల్లో బయటి అంచును కొంచెం ఎత్తు చేసి వేసేది ఈ వాలును తగ్గించడానికే. రోడ్డు వాలిన మేరకు బస్సులోని మీ సీసాలో తేడా తక్కువ కనిపిస్తుంది.

మన పారిశ్రామిక వాడల్లో సాల్వెంట్ ట్యాంకర్లు, రసాయన వ్యర్థాల ట్యాంకర్లు, మంచినీళ్ల ట్యాంకర్లు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. నిండా నింపిన ట్యాంకరు కన్నా సగం నిండిన ట్యాంకరు మలుపుల్లో ప్రమాదం. లోపల ద్రవం ఇప్పుడు చెప్పిన సీసాలో లాగే ఒక పక్కకు ఎక్కి, బండి గురుత్వ కేంద్రాన్ని కూడా ఆ పక్కకు జరుపుతుంది. ట్యాంకర్ల లోపల రంధ్రాలున్న అడ్డు రేకులు పెట్టడం బ్రేకు వేసినప్పుడు ద్రవం మొత్తం ఒక్కసారిగా ముందుకు కొట్టకుండా ఉండడానికి. ముందు ఇలాంటి ట్యాంకరు పోతుంటే మలుపులో దాని పక్కకు పోకండి. నేను చెబుతున్న పాఠంలో ప్రాణం కాపాడే భాగం ఇది.

హీలియం బెలూన్ ఉంటే కిటికీలు మూసిన కారులో ఇంకో ప్రయోగం చేయవచ్చు. కారు వేగం పుంజుకుంటుంటే మనం వెనక్కి వాలుతాం, బెలూన్ ముందుకు వాలుతుంది. లోపలి గాలి మనలాగే వెనక్కి చేరి, తనకన్నా తేలికైన బెలూన్‌ను ముందుకు నెడుతుంది. జాతర్లలో అమ్మే గ్యాస్ బెలూన్లు కొన్నింటిలో హైడ్రోజన్ నింపుతారు, అది మండే వాయువు, కాబట్టి వాటితో మాత్రం వద్దు.

లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు లోపల బరువు చూసుకునే మెషిను పెట్టి దాని మీద నిలబడండి. లిఫ్టు పైకి బయలుదేరే క్షణంలో 60 కిలోల మనిషికి 65, 66 దాకా చూపించి, నిలకడ వేగం రాగానే మళ్లీ 60కి వస్తుంది. పై అంతస్తులో ఆగబోతూ 60 కన్నా తగ్గుతుంది. లిఫ్టు ఎంత వేగంగా పోతోందో మెషిన్‌కు పట్టదు, వేగం మారుతోందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది.

ఆ లిఫ్టు తాడు తెగితే ఏమవుతుంది? తాడు తెంచకుండానే చూడవచ్చు. ప్లాస్టిక్ సీసా అడుగు దగ్గర సూదితో చిన్న రంధ్రం చేసి, నీళ్లు నింపి, మూత తీసి పట్టుకోండి. సన్నటి ధార చిమ్ముతుంది. ఇప్పుడు సీసాను మొదటి అంతస్తు నుంచి ఇసుకలోకి వదిలేయండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. కింద నిలబడి ఫోనులో స్లోమోషన్ వీడియో తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది. సీసా, నీళ్లు ఒకే తీరున పడుతున్నాయి, నీళ్లు సీసాను నొక్కడం లేదు, అందుకని రంధ్రంలోంచి బయటికి రావడం లేదు. సీసాలో ఒక చీమ ఉండి ప్రపంచమంటే ఆ సీసాయే అనుకుంటే, బరువనేదే లేదని అది తీర్మానించుకుంటుంది.

ఇదే ప్రయోగం ఫోనుకు కూడా చేయవచ్చు. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఫోను లోపల వెంట్రుక కన్నా సన్నటి సిలికాన్ స్ప్రింగుల మీద నిలిచిన చిన్న దిమ్మ ఒకటుంటుంది, దాని కదలికను బట్టి ఫోను త్వరణాన్ని లెక్క కడుతుంది. బల్ల మీద ఊరికే పెట్టిన ఫోను సున్నా చూపించదు, 9.8 చూపిస్తుంది. అదే ఫోనును మీటరు ఎత్తు నుంచి పరుపు మీదికి వదిలితే సెకనులో సగం కన్నా కొంచెం తక్కువ సేపు దాదాపు సున్నా చూపించి, పరుపు తగలగానే ఒక్కసారి ఎగిసిపడుతుంది. నిలబడి ఉన్న ఫోను తొమ్మిది పాయింట్ ఎనిమిది అంటోంది, పడిపోతున్న ఫోను సున్నా అంటోంది! మనం నేర్చుకున్నదానికి తలకిందులుగా లేదూ?

1907లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో పేటెంటు ఆఫీసు ఉద్యోగిగా ఉన్న ఐన్‌స్టీన్‌కు తట్టిన ఆలోచన సరిగ్గా ఇదే. పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదు. బరువు తెలియని ఆ చట్రమే అసలైన జడత్వ చట్రమని, నేల మీద నిలబడి ఉన్న మనల్నే నేల పైకి తోస్తోందని ఆయన అక్కడి నుంచి సాపేక్షతా సిద్ధాంతాన్ని విస్తరించుకుంటూ పోయాడు. నట్టు, రబ్బరు సమానంగా వాలడం ఇక్కడ అక్కరకొస్తుంది. త్వరణం వల్ల వచ్చే మిథ్యా బలమూ, గురుత్వమూ రెండూ ద్రవ్యరాశిని బట్టే ఉండడం కాకతాళీయం కాదని ఆయన పట్టు. తెలంగాణ మూలాలున్న వ్యోమగామి రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున అక్కడ భూమి గురుత్వం ఇక్కడున్నదానిలో పదింట తొమ్మిది పాళ్లు ఉంది. అయినా తేలడం ఎందుకంటే, ఆ కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి భూమి చుట్టూ నిరంతరం పడుతూనే ఉన్నారు, మన సీసా, నీళ్ల లాగా.

ఇందులోంచి బస్సుకు ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. ఫ్లైఓవరు ఎక్కుతున్న బస్సులో కూడా నట్టు వెనక్కే వాలుతుంది, నిలకడ వేగంలో ఉన్నా సరే. మరి అది ఎక్కుడు రోడ్డు వల్లా, వేగం పెరగడం వల్లా? దారం ఒక్కటే చూస్తే తేలదు. ఫోను కొంత సాయం చేస్తుంది. ఎక్కుడులో మొత్తం అంకె 9.8 దగ్గరే ఉంటుంది, దిక్కు మాత్రమే మారుతుంది. చదును రోడ్డు మీద వేగం సెకనుకు ఒకటిన్నర మీటరు చొప్పున పెరుగుతుంటే మొత్తం అంకె 9.9 అవుతుంది. తేడా చిన్నదే కానీ సెన్సారుకు అందుతుంది. కాకపోతే ఆ ఊళ్లో గురుత్వం ఎంతో ముందే తెలిసి ఉండాలి.

ఇక సెంట్రిఫ్యూజ్ దగ్గరికి వద్దాం. 48 అంగుళాల బుట్ట నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకోండి. బుట్ట అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. షాప్ ఫ్లోరు మీద నిలబడి చూస్తే, అంచును తగిలి ఉన్న ప్రతి ద్రవపు చుక్కా ఆ క్షణంలో ఉన్న దిక్కునే తిన్నగా పోదామనుకుంటుంది. బుట్ట గోడ దాన్ని లోపలికి తోసి గుండ్రంగా తిప్పుతోంది. ముద్దలోని స్ఫటికాల్ని గుడ్డ ఆపుతుంది, కాబట్టి వాటిని తిప్పగలదు. ద్రవానికి రంధ్రం దొరికింది, అక్కడ తోసే గోడ లేదు, కాబట్టి తిన్నగా పోయింది. ఈ లెక్కలో బయటికి తోసే బలమేదీ లేదు. కూతురు చెప్పింది ఈ లెక్క.

బుట్టతో పాటు తిరుగుతూ లెక్క రాస్తే అంతా వేరు. అక్కడ ముద్ద కదలకుండా కూర్చుని ఉంది, గోడ దాన్ని లోపలికి నొక్కుతోంది. కదలకుండా ఉండాలంటే దానికి ఎదురు బలం ఒకటి బయటికి ఉండాలి. అదే అపకేంద్ర బలం, పైన చెప్పిన బుట్టలో గురుత్వానికి దాదాపు 550 రెట్లు. ఒక గ్రాము స్ఫటికం గుడ్డను అర కిలో పైబడిన బరువుతో నొక్కుతుంది. అంత ఒత్తిడికి గింజల మధ్య ఇరుక్కున్న ఎంఎల్ జారక ఏం చేస్తుంది? ఇది తండ్రి లెక్క. చివరికి ఎంత ఎంఎల్ వచ్చింది, ముద్ద ఎంత ఆరింది అనే అంకె రెండు లెక్కల్లోనూ ఒక్కటే. సెంట్రిఫ్యూజులు డిజైను చేసే ఇంజనీర్లు తండ్రి లెక్కే వాడతారు, అదే తేలిక. కానీ ఆ బలానికి యజమాని ఎవరని అడిగితే ఎవరినీ చూపించలేరు.

ఇంట్లో దీన్ని తేల్చుకోవాలంటే తడి గొడుగు చాలు. గొడుగు విప్పి, కాడ చేత్తో పట్టుకుని గిర్రున తిప్పండి. ఎండిన గచ్చు మీద చుక్కలు పడ్డ గీతలు చూడండి. అవి గొడుగు మధ్య నుంచి బయటికి పోయే ఊచల దిక్కున ఉండవు, అంచుకు ఒరుసుకుంటూ పక్కకు పోయే దిక్కున ఉంటాయి. చుక్కను బయటికి తోసినవాడుంటే అది ఊచ దిక్కున పోయేది. పక్కకు పోయిందంటే అది తన వేగాన్ని తాను తీసుకుని పోయింది. న్యూటన్ 1687లో వెలువరించిన ప్రిన్సిపియాలో బకెట్ ప్రయోగం చెప్పాడు. తాడును మెలిపెట్టి నీళ్ల బకెట్ వేలాడదీసి వదిలితే, మొదట బకెట్ మాత్రమే తిరుగుతుంది, నీళ్లు చదునుగా ఉంటాయి. కాసేపటికి నీళ్లూ తిరగడం మొదలై మధ్యలో గుంటపడి అంచులు ఎక్కుతాయి. అప్పుడు బకెట్‌తో పోలిస్తే నీళ్లు కదలడమే లేదు. అయినా గుంట ఉంది. తిరగడమనేది పక్కవాటితో పోల్చి చూసుకునేదైతే ఆ గుంట ఎందుకు పడిందన్నది న్యూటన్ ప్రశ్న.

లెక్కలో మిథ్య అయినంత మాత్రాన ఈ బలాన్ని చులకన చేయకూడదని పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఫీడ్, అంటే బుట్టలోకి వదిలే సరుకు, ఒక పక్కన ఒక్క కిలో ఎక్కువ పేరుకుంటే, పైన చెప్పిన బుట్టలో అది 550 కిలోల బరువంత బలమై, సెకనుకు 15 సార్లు దిక్కు మార్చుకుంటూ షాఫ్టును, బేరింగులను అదరగొడుతుంది. చుట్టూ సాల్వెంట్ ఆవిరి ఉన్న చోట అరిగిన బేరింగు వేడెక్కితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. ఫీడ్ నెమ్మదిగా, సమానంగా వేయమని, అదురు మొదలైతే వెంటనే ఆపమని చెప్పేది ఇందుకే.

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో తయారయ్యే టర్బైన్ రోటార్ల దగ్గర ఈ లెక్క ఇంకా పదునెక్కుతుంది. మన గ్రిడ్ కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, అందుకు తగ్గట్టు నిమిషానికి 3000 చుట్లు తిరిగే రోటార్లుంటాయి. ఇరుసుకు అర మీటరు దూరాన ఉన్న భాగానికి అక్కడ గురుత్వానికి 5000 రెట్ల త్వరణం. ఆ దూరాన ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే 5 కిలోల బరువు లాగినట్టు లాగుతుంది. అందుకే అక్కడ గాలి తీసేసిన సొరంగంలో రోటార్లను తిప్పి, అదురు కొలిచి, గ్రాముల లెక్కన సరిచేస్తారు. మామూలు వేగానికి ఐదోవంతు ఎక్కువ వేగంతో తిప్పితే బలం 44 శాతం పెరుగుతుంది.

ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సారథ్ అనే సైనిక వాహనాలు తయారవుతాయి. గతుకుల నేల మీద బండి ఎటు ఊగినా దాని 30 మిల్లీమీటర్ల తుపాకీ గొట్టం గురి తప్పకుండా నిలిపేది గైరోస్కోపు. బయటికి చూడకుండానే, బండి ఎటు ఎంత తిరిగిందో అది చెబుతుంది. ఐఐటీ హైదరాబాద్ 2008లో ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే మొదలై తర్వాత కందికి మారింది. 2022లో అక్కడ డ్రైవరు లేని వాహనాలను పరీక్షించే తిహాన్ కేంద్రాన్ని ప్రారంభించారు. అలాంటి బండికి ఉపగ్రహ సంకేతం కాసేపు అందకపోతే ఆధారం దాని లోపలి జడత్వ సెన్సార్లే, మన దారం, నట్టు చేసిన పనినే అవి చేస్తాయి. మీ ఫోనులోనూ గైరోస్కోపు ఉంటే ముత్తంగి వంపు దారిలో ఫైఫాక్స్‌లో చూడండి. 60 మీటర్ల వ్యాసార్ధం మలుపులో గంటకు 40 కిలోమీటర్లకు అది సెకనుకు పదిన్నర డిగ్రీల దగ్గర చూపించాలి.

చివరగా భూమి సంగతి. ఇంతసేపూ మన ఇంటిని, రోడ్డును జడత్వ చట్రంగా ఎంచుకుని మాట్లాడాను. అది పూర్తిగా నిజం కాదు. సంగారెడ్డి అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. క్రీస్తు శకం 499 నాటి రచన ఆర్యభటీయంలో ఆర్యభటుడు పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపించడాన్ని చెప్పి, నక్షత్రాలు పడమటికి పోవడమూ అలాంటిదేనన్నాడు. కానీ ఆకాశం తిరుగుతోందా నేల తిరుగుతోందా అన్నది ఆకాశాన్ని చూడకుండా, గది తలుపులు మూసుకుని తేల్చింది 1851లో పారిస్‌లో లియాన్ ఫూకో. పాంథియాన్ గోపురం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి ఊపాడు. ఊగే గుండును పక్కకు తోసేవాడెవడూ లేడు, అయినా ఊగే దిక్కు గంట గంటకూ నెమ్మదిగా తిరిగిపోయింది. తిరిగింది గుండు కాదు, కింద గచ్చు.

మన ఊళ్ల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పుణె దాకా వెళితే అక్కడి ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రం ప్రాంగణంలో ఒక ఫూకో లోలకం ఉంది. 2023లో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలో ఇంకొకటి ఉంది, 22 మీటర్ల ఎత్తు నుంచి 36 కిలోల గుండు, ఢిల్లీ అక్షాంశంలో పూర్తి చుట్టు రావడానికి దాదాపు 50 గంటలు. ధ్రువం దగ్గర ఒక రోజు, భూమధ్యరేఖ మీద ఎన్నటికీ రాదు. సంగారెడ్డికి లెక్క కడితే 79 గంటలు, అంటే గంటకు నాలుగున్నర డిగ్రీలు.

ఎత్తయిన హాలున్న కాలేజీ ఏదైనా దీన్ని చేయవచ్చు. 10 మీటర్ల ఉక్కు తీగ, పది కిలోల పైబడిన గుండ్రటి ఇనుప గుండు. పై బిగింపు అన్ని వైపులకూ ఒక్కలాగే ఉండాలి, ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు ఉంటే గుండు కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలుపెడుతుంది, అప్పుడు ఫలితం చెడుతుంది. ఫ్యాన్లు, తలుపులు మూయాలి. గుండును చేత్తో వదలకూడదు, నూలు దారంతో పక్కకు లాగి కట్టి, అది పూర్తిగా నిశ్చలమయ్యాక దారాన్ని అగ్గిపుల్లతో కాల్చాలి. మీటరు దూరం లాగి వదిలితే ఒక్కో ఊపుకు ఆరు సెకన్లకు పైగా పడుతుంది. కింద సుద్దతో గీత గీసి గంట ఆగండి. గాలి వల్ల ఊపు తగ్గుతుంది, కాబట్టి దూరం కాకుండా కోణం కొలవండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున గీతకు నాలుగున్నర డిగ్రీలు పక్కకు ఉండాలి, మీటరు దూరాన అది దాదాపు 8 సెంటీమీటర్లు. గుండు ఎదురు దిక్కున జరిగినా, రెండు మూడు రెట్లు ఎక్కువ జరిగినా భూమిని అనుమానించకండి, నిచ్చెన వేసుకుని పై బిగింపు చూడండి.